బావి అడుగున ఊరు

బల్ల మీద పరిచిన బొమ్మ ఫ్యాను గాలికి లేచి లేచి పడుతుంటే వెంకటప్పయ్యగారు ఫ్యాను ఆపించి, నాలుగు మూలలా నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టించారు. కళ్ళజోడు సవరించుకుని బొమ్మను ఇటునుంచి చూశారు. బల్ల చుట్టూ తిరిగి అటునుంచి చూశారు.

"ఏంటయ్యా అంతోనయ్యా ఇది?" అన్నారు.

గ్రంథాలయం హాలు గుమ్మం దగ్గర అంతోనయ్య కూతురు జ్ఞానమణి నిలబడి ఉంది. ఆ బొమ్మ ఆమెది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికి తప్ప తిరువూరులో ఇంకెవరికీ తెలియదు. బస్టాండు దగ్గర బోర్డులు రాసే అంతోనయ్య పేరు మీదే పని వస్తుంది, ఆయన పేరు మీదే పోతుంది. కూతురు రంగులు కలుపుతుందనీ, అక్షరాల్లో రంగు నింపుతుందనీ అందరూ అనుకుంటారు. కొంతకాలంగా బోర్డులన్నీ మొదట్నుంచి చివరిదాకా ఆమే రాస్తోందని ఎవరూ అనుకోరు.

డెబ్బై అయిదు వేసవి అది. శ్రీరామనవమి పందిట్లో ఆడటానికి నాటక సమాజం వాళ్ళు కొత్త నాటకం ఎత్తుకున్నారు. రాసింది సోమయాజులుగారు, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన పంతులుగారు. గోవిందు అనే మెట్ట రైతు బావి తవ్వుతాడు. ఎంత తవ్వినా చెమ్మ తగలదు. ఒకరోజు గునపం దిగిన చోట నేల విరిగి, పాతాళంలో ఉన్న ఒక నగరంలో పడతాడు. భూమిలోని ఊటలన్నీ దాచిపెట్టుకున్న రాజు అక్కడ ఉంటాడు. ఆ నగరం తెర మీద ఎలా ఉండాలో ముందుగా ఒక నమూనా బొమ్మ గీసి చూపించమని, సమాజం కార్యదర్శి అయిన వెంకటప్పయ్యగారే తన ఎరువుల కొట్టుకి పిలిపించి అంతోనయ్యకు చెప్పారు.

బొమ్మలో మేడలు లేవు. ఎర్రమట్టి, దాని కింద గులకరాళ్ళ గరప, దాని కింద తెల్లటి సున్నపు చార, ఆ కింద నల్లరాయి. పొరలు పొరలుగా నేల. పైనుంచి దిగిన చెట్ల వేళ్ళే స్తంభాలు. పగలగొట్టిన చీమలపుట్టలో గదుల్లా ఒకదాని మీద ఒకటి ఇళ్ళు. అన్నిటికంటే పైన, గుండ్రంగా చిన్న వెలుగు. అది బావి నోరు. దేనికీ చుట్టూ గీత లేదు. లావుగా మొదలై సన్నగా జారి, వంపు తిరిగి ఆగే కుంచె దెబ్బలే అన్నీ.

"రాజుని నేనండీ," అన్నాడు రామమూర్తి. తాలూకా ఆఫీసులో గుమస్తా. సమాజంలో రాజు వేషాలన్నీ ఆయనవే. "నా సింహాసనం ఏది ఇందులో?"

"సింహాసనం మాట తర్వాత. బంగారం ఏదయ్యా? పాతాళమంటే ధగధగలాడొద్దూ?" వెంకటప్పయ్యగారు ఒక వేరు మీద వేలు పెట్టారు. "ఈ గీతలేంటి, ఒక్కటన్నా తిన్నగా లేదు!"

అంతోనయ్య ఏదో చెప్పబోయి, ముడుచుకుంటున్న కాగితం అంచును కుడిచేత్తో అదిమాడు. ఆ చెయ్యి కాగితం మీద టపటపా కొట్టుకుంది. రామమూర్తి దాన్ని చూశాడు. పక్కకు వంగి, అందరికీ వినపడేంత గొంతుతోనే, "గీతల్నేం అంటారండీ, ఆయన చెయ్యి చూడండి," అన్నాడు.

అందరూ చూశారు. అంతోనయ్య చెయ్యి లాక్కుని భుజం మీది తువ్వాలు కింద దాచుకున్నాడు.

వెంకటప్పయ్యగారి గొంతు మెత్తబడింది. మణికి ఆ మెత్తదనమే భరించరానిదిగా తోచింది. "అయ్యో, ముందే చెప్పకూడదటయ్యా! ఇంత వణుకుతో ఇంత పెద్ద పని ఎందుకు ఒప్పుకున్నావు?" అంటూ చేతి సంచిలోంచి మడతపెట్టిన సినిమా పోస్టరు తీశారు. వెనకాల పాలరాతి మేడ, బంగారు స్తంభాలు, మెట్ల మీద సింహాసనం. "సొంతంగా ఏమీ వద్దు. దీన్ని అచ్చం దించెయ్యి. అది కూడా కష్టమనుకుంటే చెప్పు, బెజవాడ నుంచి అద్దె తెర తెప్పిస్తాం."

అది నేను గీశానండీ అన్న మాట మణి నోటిదాకా వచ్చింది. తండ్రి ఒక్కసారి తలతిప్పి చూశాడు. ఆమె గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"దించుతానండీ," అన్నాడు అంతోనయ్య.

మూల కుర్చీలో కూర్చున్న సోమయాజులుగారు లేచి వచ్చి, పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, బొమ్మను జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నారు. "ఇది నా దగ్గర ఉంటుంది," అన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

తండ్రీకూతుళ్ళు బస్టాండు దాటారు. గంపలగూడెం బస్సు దుమ్ము లేపుకుంటూ పోయాక అంతోనయ్య అన్నాడు.

"ఇన్నాళ్ళు ఎలాగో దాచుకొచ్చాను మణీ. నీ బొమ్మతో బయటపడ్డాను."

"నేనే గీశానని చెబితే సరిపోయేది కదా నాన్నా."

"చెబితే? చెయ్యి వణకడం మానేసేదా?"

తన గీతను చూసి జనం తండ్రి జబ్బనుకున్నారు. రెండేళ్ళు కూర్చుని సాధించింది ఆఖరికి వాళ్ళ కంటికి వణుకులా కనపడింది.

*

మర్నాడు తెల్లవారుతుండగానే మణి వినగడప రోడ్డు వైపు నడిచింది. రోజూ వెళ్ళే దారే. నీళ్ళు పడక ఎవరో సగంలో వదిలేసిన బావి ఒకటి ఉందక్కడ. దాని గోడలో చింతచెట్టు వేళ్ళు బయటపడి వేలాడుతుంటాయి. రోజూ సిమెంటు సంచి కాగితం, కుంచె, మూతపెట్టిన సీసాలో నల్లరంగు వెంట తెచ్చుకునేది. ఆ వేళ ఉత్త చేతులతో వచ్చింది. అయినా కళ్ళు ఊరుకోలేదు. ఆ లావు వేరు రాయిని తప్పించుకోవడానికి ఎక్కడ ఒంగిందో, ఒంగిన చోట తోలు ఎలా ముడతపడిందో చూస్తూనే ఉన్నాయి.

ఆమె కూడా మొదట దించడమే నేర్చుకుంది. బొమ్మ మీద గళ్ళు, గుడ్డ మీద గళ్ళు. ఈ గడిలో ముక్కు, ఆ గడిలో చెవి. క్యాలెండరు దేవుళ్ళు, సబ్బుల ప్రకటనలు, నాయకుల మొహాలు. ఏదిస్తే అది అచ్చం దిగేది. ఎదురుగా బొమ్మ తీసేస్తే మాత్రం చెయ్యి ఏమీ తోచక కాగితం మీద ఆగిపోయేది. ఒకసారి ఈ వేరునే గీద్దామని పెన్సిలు పట్టుకుంది. ఎంత గీసినా తాడులా వచ్చింది, పాములా వచ్చింది, వేరులా రాలేదు. చిరాకేసి మానేసింది. కొద్ది రోజులకి ఒక కిరాణా కొట్టు బోర్డు రాస్తూ, "శ్రీ" అక్షరం అడుగు వంపు తిప్పుతుంటే చెయ్యి ఆగింది. కుంచె లావుగా దిగి, ఒంగి, సన్నబడి లేచింది. ఏ గడీ, ఏ గీతా లేకుండా చెయ్యి తనంతట తనే తిరిగే చోటు అక్షరం ఒక్కటేనని అప్పుడు తట్టింది ఆమెకు. తలకట్టు, కొమ్ము, సుడి, ఇవన్నీ తన చేతిలో ఉన్నవే. వేరుని కూడా అలాగే రాస్తే?

మొదట్లో రాసినవి మరీ అక్షరాల్లాగే ఉన్నాయి. రాయి కోసం ఒక వంపు, పుట్ట కోసం ఒక వంపు, నీటి మరక కోసం ఇంకొకటి, ఒక్కొక్కటే వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికింది మర్నాటికి చేజారేది. అదే వేరు, అదే గోడ, మళ్ళీ మళ్ళీ. చెప్పేవాళ్ళు లేరు, తప్పో ఒప్పో అనేవాళ్ళు లేరు. కుంచె ఎత్తకుండా ఒక వేరు పైనుంచి కొసదాకా దిగిన రోజున మాత్రం, బావి గట్టు మీద ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

ఇప్పుడు ఆ గట్టు మీద కాసేపు నిలబడి, ఇంటికొచ్చి తెర పనిలో పడింది.

వీధి పంచలో ముతక గాడా గుడ్డను బల్లచెక్కలకి బిగించి కొట్టారు. తల్లి రిబ్కా చింతగింజల జిగురు ఉడికించి తెచ్చింది. దాంట్లో సుద్ద కలిపి మణి గుడ్డంతా పూసింది. ఆరాక, నీలిరంగు సుద్ద రాసిన దారం ఒక కొస తండ్రి పట్టుకుంటే రెండో కొస తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలింది. నీలంగా గీత పడింది. ఇంకోటి. ఇంకోటి. ఆ పనికి వణుకు అడ్డం రాదు. గుప్పిట్లో దారాన్ని చెక్కకి అదిమి పట్టుకుని, "కొట్టు," "కొట్టు," అంటున్నాడు అంతోనయ్య.

పోస్టరు మేడ గడి తర్వాత గడిగా గుడ్డ మీదికి ఎక్కింది. సాయంత్రానికి ఎడమవైపు స్తంభాలు పూర్తయ్యాయి. పాలరాయి నిగనిగలాడింది. అంతోనయ్య వెనక్కి నాలుగడుగులు వేసి, కళ్ళు చికిలించి చూసి, "అచ్చం," అన్నాడు. పనిలో ఆయన నోట వచ్చే పెద్ద మెప్పు అదే. ఈసారి మాత్రం ఏదో బోర్డులో అక్షరదోషం లేదని చెప్పినట్టు అన్నాడు.

గిన్నెలు తీసుకెళ్ళడానికి వచ్చిన రిబ్కా కూడా ఆగి చూసింది. "బావుందే. రెడ్డిగూడెం పెళ్ళిలో వధూవరుల వెనకాల కట్టింది ఇదేనా?"

మణి నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అంతోనయ్య నవ్వలేదు.

*

ఆ మర్నాడు మధ్యాహ్నం రంగు ఆరడం కోసం పని ఆపారు. మణి అన్నం తిని వచ్చేసరికి తండ్రి పంచలో చాప మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ సిమెంటు సంచి కాగితాలు. ఇంటి అటక మీద కట్టకట్టి పెట్టినవన్నీ దింపి పరుచుకున్నాడు.

"ఈ ఒక్క వేరుని ఇన్నిసార్లు ఎందుకు గీశావే?"

"కుదరక."

"కుదిరిందని నీకెలా తెలిసింది? పక్కన పెట్టి చూసుకోవడానికి అసలు బొమ్మ లేదుగా."

మణి పక్కన కూర్చుంది. "నాన్నా, నువ్వు 'క' రాస్తావు. ఏ పుస్తకంలో 'క' పక్కన పెట్టి చూసుకుంటావు?"

అంతోనయ్య కాగితాల్లో వెతికాడు. ఒక కాగితం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని మీద పెన్సిలుతో లేతగా గళ్ళు గీసి ఉండటం అప్పుడు గమనించింది మణి. పక్కన ఇంకో కాగితం మీద కూడా గళ్ళు. ఆ గళ్ళలో, ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని గీసినట్టున్న వేరు ఒకటి, కొట్టేసి మళ్ళీ గీసింది, మళ్ళీ కొట్టేసింది.

"గడి ప్రకారం అన్నీ సరిగ్గానే పడ్డాయి," అన్నాడాయన. "వణుకు సంగతి తీసెయ్. వణుకు లేని చోట కూడా రాలేదు. నీది పైనుంచి కిందకి ఒక్క గుక్కలో పోయింది. గళ్ళలో పెడితే ముక్కలైపోతోంది." కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దుతూ, ఆయన ఇంకా ఏదో లెక్క తేలనట్టు తల ఆడించాడు. "నేను దించలేని బొమ్మ నా కంటికి ఇంతవరకూ తగల్లేదు."

మణి వెళ్ళి కుంచెలు కిరసనాయిల్లో కడిగింది. ఆ కట్టను ఆయన మళ్ళీ అటకెక్కించకుండా, తన మంచం తలాపున పెట్టుకోవడం మాత్రం చూసింది.

*

సోమయాజులుగారు మర్నాడు పొద్దున్నే వచ్చారు. ఆయన వెనకాలే వెంకటప్పయ్యగారు, రామమూర్తి. ముగ్గురూ దారి పొడుగునా వాదించుకుంటూ వచ్చినట్టున్నారు. పంతులుగారి చంకలో ఆ బొమ్మ చుట్ట ఉంది.

సగం అయిన తెరను చూసి వెంకటప్పయ్యగారి మొహం వికసించింది. "చూశారా పంతులుగారూ! ఎంత నిండుగా ఉందో. ఇంక ఆ గొడవ వదిలెయ్యండి."

"నిండుగానే ఉంది," అన్నారు సోమయాజులుగారు. "మా గోవిందు ఎటునుంచి దిగుతాడు?"

"ఎటునుంచి దిగితే ఏం? పక్క నుంచి వస్తాడు."

"బావిలో పడ్డవాడు పక్క నుంచి ఎలా వస్తాడండీ?" పంతులుగారు చుట్ట విప్పి బల్ల మీద పరిచి, పైన ఉన్న చిన్న వెలుగును చూపించారు. "నేను నాటకం రాసినప్పుడు పాతాళమంటే నాక్కూడా సింహాసనమే తెలుసు. రాజు చేత నాలుగు బెదిరింపులు పలికించి ఊరుకున్నాను. ఈ బొమ్మ ఇంటికి తీసుకెళ్ళి గోడకి తగిలించుకున్నాక, కింద నిలబడి పైకి చూసేవాడికి ఆ వెలుగు ఎంత దూరమో అర్థమైంది. రెండో అంకం కొట్టేసి మళ్ళీ రాశాను. ఈ తెర లేకపోతే ఆ అంకానికి అర్థం లేదు."

"అయ్యా, మీ మీద గౌరవం కొద్దీ చెబుతున్నాను," వెంకటప్పయ్యగారు గొంతు తగ్గించారు. ఆ పంచలో గొంతు తగ్గించినా అందరికీ వినపడుతుంది. "పాపం, చెయ్యి వణికి గీతలు అలా వంకర్లు పోయాయి. దాన్ని పట్టుకుని మీరు నాటకం మారుస్తానంటే జనం నవ్వరూ?"

మణి కుంచెతో ముందుకొచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే అంతోనయ్య లేచాడు.

తువ్వాలు భుజం మీంచి తీసి గూట్లో పడేశాడు. ఖాళీ బోర్డు ఒకటి తెచ్చి గోడకి ఆనించి, మణి చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. నల్లరంగులో ముంచి, అందరి ముందూ, పైనుంచి కిందకి ఒక గీత గీశాడు. దాచుకోవడానికి ఏమీ ప్రయత్నించలేదు. ఎడమచెయ్యి సాయం పెట్టలేదు. కుంచె గజగజలాడుతూ దిగింది. గీత పొడుగునా రంపపు పళ్ళలాంటి గతుకులు. రంగు చుక్కలు చొక్కా మీద పడ్డాయి.

"వణుకంటే ఇదండీ," అన్నాడు. "రెండేళ్ళుగా ఇదే. మా అమ్మాయి చూసుకుంటోంది కాబట్టి కొట్టు నడుస్తోంది. మణీ, పక్కన నువ్వు గియ్యి."

మణి కుంచె అందుకుంది. చూసి గీయడానికి ఎదురుగా ఏమీ లేదు. ఉన్నది తండ్రి గీసిన గీత ఒక్కటే. దాని పక్కన కుంచె ఆనించింది. లావుగా దిగింది, కనిపించని రాయిని తప్పించుకుని ఒంగింది, ఒంగిన చోట కాస్త ఆగి, సన్నబడి, రెండు పాయలై మట్టిలోకి పోయినట్టు పోయింది. పక్కకు జరిగింది.

రామమూర్తి రెండు గీతల్నీ మార్చి మార్చి చూసి, తల దించుకున్నాడు.

"ఆ బొమ్మ మా అమ్మాయిదండీ. నాది కాదు," అన్నాడు అంతోనయ్య. "నేను దించేవాణ్ణి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ దించాను. తను గీసిన వేరు ఒక్కటి దించుదామని నిన్న మధ్యాహ్నమంతా కూర్చున్నాను. నావల్ల కాలేదు."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదయ్యా?"

"సిగ్గేసిందండీ."

వెంకటప్పయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బొమ్మ దగ్గరికెళ్ళి ఇంకోసారి చూశారు. "నాకు ఇది నచ్చిందని చెప్పనమ్మా," అన్నారు మణితో. ఆమెతో ఆయన నేరుగా మాట్లాడటం అదే మొదలు. "నాకు మేడే బావుంది. కానీ నాటకం పంతులుగారిది. చెడితే ఇద్దరూ కలిసి మాట పడండి."

"పడతామండీ," అంది మణి.

"అంతా బానే ఉంది, నేను ఎక్కడ కూర్చోవాలి?" అన్నాడు రామమూర్తి.

"కూర్చోవు నాయనా. వేరు పట్టుకుని నిలబడతావు," అన్నారు సోమయాజులుగారు. "నీకు ఒక పద్యం పెంచాను."

"పద్యమా? పెద్దదేనా?"

"సీసం."

రామమూర్తి మొహం విప్పారింది. సింహాసనం మాట మళ్ళీ ఎత్తలేదు.

*

కొత్త గుడ్డ కొనే వ్యవధి లేదు. అదే గుడ్డను తిరగేసి బిగించారు. అడుగు రంగంతా అంతోనయ్య వేశాడు. సున్నం కొట్టే పెద్ద కుంచెతో ఎర్రమట్టి, గరప, రాయి. ఆ వెడల్పు పూతలో చేతి వణుకు ఎక్కడికక్కడే కలిసిపోయింది. దాని మీద మణి గీసింది. చిన్న కాగితం మీద మణికట్టుతో తిప్పిన వంపులు ఇంత గుడ్డ మీద భుజంతో తిప్పాల్సి వచ్చింది. మొదటి వేరు తప్పింది. రెండోది తప్పింది. "ఎర్రరంగు కొట్టెయ్ నాన్నా," అంటే ఆయన వచ్చి కొట్టేశాడు. మూడోసారి నిచ్చెన మీంచి దిగుతూ, మెట్టుకో కొంచెం చొప్పున కుంచెను కిందకి లాక్కొచ్చింది. నేలకి చేరాక వెనక్కి వెళ్ళి చూసుకుని, "ఆఁ," అంది. ఇంక చెయ్యి ఆగలేదు.

నవమికి ముందు సాయంత్రం రిహార్సల్లో తెర కట్టారు. పందిరి ఇంకా పూర్తి కాలేదు. తాటాకుల సందుల్లోంచి పొద్దుగూకే వెలుగు పడుతోంది. గోవిందు వేషం వేసే వీరరాఘవయ్య రంగం మధ్య నిలబడి, కొత్తగా రాసిన మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చెబుతున్నాడు. వెంకటప్పయ్యగారు ముందు వరసలో కూర్చుని, పందిరి వాళ్ళతో తాళ్ళ గురించి ఏదో వాదిస్తున్నారు.

"అల్లదుగో, అంతెత్తున మా ఊరు," అన్నాడు వీరరాఘవయ్య.

వాదిస్తున్న వెంకటప్పయ్యగారు మధ్యలో ఆగి, తెర వైపు చూశారు. కింద పొరల నుంచి వేళ్ళ వెంబడి ఆయన చూపు పైపైకి పోయింది. చిన్న వెలుగు దాకా వెళ్ళింది. అక్కడితో ఆగలేదు. తెర అంచు దాటి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, పందిరి కప్పులో ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికారు. తాటాకులు కనపడేసరికి గబుక్కున సర్దుకుని, ఎవరైనా చూశారేమోనని ఇటూ అటూ చూశారు.

పక్కన నిలబడ్డ అంతోనయ్య చూశాడు. మణి చూసింది. ఇద్దరూ నవ్వు ఆపుకుంటూ పందిరి వెనకవైపు నుంచి రోడ్డు మీదికి వచ్చి, అక్కడ నవ్వుకున్నారు. ఎంత నవ్వారంటే, మణి కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అన్నాళ్ళూ భుజాల్లో బిగదీసుకుని ఉన్నదేదో అప్పుడు సడలింది.

"టీ తాగుదాం పద," అన్నాడు అంతోనయ్య.

ఆయన హోటల్లో టీ తాగడం మానేసి చాలాకాలమైంది. ఎవరు పిలిచినా వేడి చేస్తుందనో, ఇప్పుడే తాగాననో తప్పించుకునేవాడు. ఎందుకో మణికి తెలుసు కాబట్టి ఎప్పుడూ అడిగేది కాదు.

బస్టాండు ఎదురుగా హోటల్లో ఆఖరి బస్సుల జనం కిక్కిరిసి ఉన్నారు. పెనుగొలను వెళ్ళే రైతులు నలుగురు బల్ల మీద జరిగి చోటిచ్చారు. టీ వచ్చింది. అంతోనయ్య గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని ఎత్తాడు. అది ఊగిపోయింది. టీ తొణికి వేళ్ళ మీదా, బల్ల మీదా పడింది. ఎదురుగా ఉన్న రైతు చూశాడు. చూస్తే చూడనీ అన్నట్టు అంతోనయ్య వేళ్ళు దులుపుకుని, ఊదుకుంటూ, మిగిలిందంతా తీరిగ్గా తాగాడు.

"పంచదార సరిపోలేదు," అన్నాడు గ్లాసు కింద పెట్టి. "ఇంకోటి చెప్పు."